క్రిస్టల్ సంగతి చివర్లో చూద్దాం

వెనకగది,
జూన్ 9

చిన్నోడికి,

మీ వదినను రాస్తున్నాను. కవరు మీద రాత గుర్తుపట్టి పక్కన పడేయకు. ఫోన్ చేస్తే తీయవని తెలుసు. తీసినా నువ్వు ఊఁ అంటావు, నేను ఊఁ అంటాను, అక్కడితో సరి. పైగా నేను అడగబోయేది బొమ్మ గీసి చూపించాల్సిన సంగతి.

మీ అన్నయ్య పోయి ఎనిమిది నెలలైంది. ఆ రోజు వచ్చావు, గుమ్మం పక్కన కుర్చీలో గంటసేపు కూర్చున్నావు, వెళ్లిపోయావు. తప్పుపట్టడానికి చెప్పడం లేదు. ఆ గంటలో మనం ఏం మాట్లాడుకున్నామో గుర్తు తెచ్చుకుందామంటే ఒక్క మాటా గుర్తురావడం లేదు, అంతే.

ఇప్పుడు వెనకగది సర్దుతున్నాను. డబ్బాల నిండా స్క్రూలు, తీగలు, ఏ రేడియోలోంచి పీకారో ఆయనకే తెలియని ముక్కలు. సగం పాతసామాన్లవాడికి ఇచ్చేశాను. ఒక్క పెట్టె దగ్గర చెయ్యి ఆగింది. పదకొండేళ్ల కిందట మీ ఇద్దరూ ప్రదర్శనకు తీసుకెళ్లిన గడియారం. చెక్కపెట్టె, మీద ఎర్రదీపం. సెకనుకోసారి ఆ దీపం వెలిగి ఆరాలి కదా. కొత్త బ్యాటరీ పెట్టాను. వెలిగింది, వెలిగి అలాగే ఉండిపోయింది. ఆ రోజు హాల్లోనూ ఇలాగే అయిందని ఆయన అన్నారు.

దాన్ని నడిపించాలని ఉంది. ఎందుకని అడగకు. కుట్టుమిషను విప్పి బిగించగలను, సూదిలో దారం ఇప్పటికీ కళ్లజోడు లేకుండానే ఎక్కిస్తాను. కరెంటు విద్యలో మాత్రం నాకు ఓనమాలు రావు. అడగడానికి నువ్వు తప్ప ఎవరూ లేరు. పెట్టె మూత తీసి లోపల ఉన్నది ఉన్నట్టు పెన్సిలుతో గీశాను. బొమ్మ చూసి నవ్వకు.

వదిన


కొండ మీది కేంద్రం,
జూన్ 21

వదినగారికి నమస్కారాలు.

ఉత్తరం అందింది. ఈ ప్రసార కేంద్రానికి టపా వారానికోసారి సరుకుల జీపులో వస్తుంది. అందుకే ఆలస్యం.

మీరు గీసిన బొమ్మలో ఎడమ మూలన వెండిరంగు చిన్న డబ్బా ఉంది, రెండు కాళ్లతో సాకెట్టులో గుచ్చి. దాన్ని క్రిస్టల్ అంటారు. అందులో పల్చని పలుగురాయి పలక ఉంటుంది. పక్కనున్న చిప్పు దాన్ని తట్టి లేపితే సెకనుకు నలభై ఒక్క లక్షల తొంభై నాలుగు వేల మూడు వందల నాలుగు సార్లు కంపిస్తుంది. తక్కిన చిప్పులు ఆ లెక్కను సగం చేసుకుంటూ పోతాయి. ఇరవై రెండు సార్లు సగం చేస్తే ఒకటి మిగులుతుంది. అదే దీపం. కంపనమే మొదలుకాకపోతే సగం చెయ్యడానికేమీ ఉండదు, దీపం ఉన్నచోటే ఉంటుంది.

బల్ల సొరుగులో అంకెలు చూపించే మీటరు ఉండాలి. నల్లతీగను బ్యాటరీ నల్లతీగకు ఆనించి, ఎర్రతీగతో నేను బొమ్మ మీద వేసిన మూడు గుర్తుల దగ్గర కొలవండి. మొదటి దగ్గర ఐదు రావాలి. రెండు, మూడు క్రిస్టల్ కాళ్లు. అక్కడ ఎంత వచ్చిందో రాయండి. తొమ్మిది వోల్టుల బ్యాటరీయే కాబట్టి భయం లేదు.

ఇట్లు,
మీ మరిది


వెనకగది,
జూలై 2

చిన్నోడా,

‘ఇట్లు, మీ మరిది’ అని చూసి ఏ ఆఫీసునుంచో నోటీసు వచ్చిందనుకున్నాను. నేను ఈ ఇంటికి వచ్చినప్పుడు నీకు పందొమ్మిదేళ్లు. నీ చొక్కాలకు గుండీలు కుట్టిన చెయ్యి ఇది. కాస్త మనిషిలా రాయి.

మొదటి దగ్గర ఐదుకు ఒక వెంట్రుకవాసి తక్కువ. రెండో దగ్గరా మూడో దగ్గరా రెండున్నరకు కొంచెం అటూఇటూ. తీగలు మొదట తారుమారుగా పట్టుకున్నాను. అంకె ముందు చిన్న అడ్డగీత వచ్చింది. ఏదో కాల్చేశాననుకుని మీటరు బల్ల మీద పడేసి వంటింట్లోకి పారిపోయాను. పది నిమిషాలకు ధైర్యం తెచ్చుకుని వచ్చి చూస్తే అది అక్కడే, అదే గీతతో, నాకోసం కూర్చుని ఉంది.

నువ్వు చెప్పిన పెద్ద అంకెను కాగితం మీద రాసి సగం చేసుకుంటూ పోయాను. నిజమే, ఇరవై రెండో వరసలో ఒకటి మిగిలింది. ఎక్కడా అర కూడా తప్పలేదు. ఆదివారం మధ్యాహ్నమంతా దానికే పోయింది. ఆదివారం మధ్యాహ్నాలు నాకు చాలానే ఉన్నాయిలే.

మా బడిబట్టల కుట్టుకొట్టులో నన్ను కత్తిరింపుల గదికి మార్చారు. అక్కడ నేనూ కత్తెరా. సాయంత్రానికి నా గొంతు నాకే కొత్తగా ఉంటుంది. ఇంటికొస్తే ఈ పెట్టె. ఈ ఇంట్లో నాకు ఎదురుచెప్పేది ఇదొక్కటే మిగిలింది, అందుకే దీనిమీద కోపం రావడం లేదు.

వదిన


కొండ మీది కేంద్రం,
జూలై 19

వదినా,

మనిషిలా రాయమన్నారు. అలవాటు తప్పింది. ఇక్కడ నేను పదిహేను రోజులు, నా జతగాడు పదిహేను రోజులు. నేను దిగే జీపులో అతను ఎక్కుతాడు, ఇద్దరం తలుపు దగ్గర తలలు ఊపుకుంటాం. పదకొండేళ్లుగా అతను నాకు లాగ్‌బుక్కులో చేతిరాతగానే తెలుసు. మొన్న అతని ‘క’ తలకట్టు వంకరపోయింది. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. అడగలేదు.

మీ కొలతలు బాగున్నాయి. రెండు కాళ్ల దగ్గరా సగం సగం వచ్చిందంటే చిప్పు బతికే ఉంది. పందెంలో గీత దగ్గర వంగి నిలబడ్డ మనిషిలా ఉంది. పరుగు మాత్రం మొదలుపెట్టడం లేదు. కారణాలు చాలా ఉంటాయి. ఒక్కొక్కటే చూద్దాం.

క్రిస్టల్ పక్కన గోధుమరంగు బిళ్లలు రెండు ఉంటాయి. భూతద్దంతో చూడండి, ఇరవై రెండు అని ఉండాలి. అంతకన్నా బాగా పెద్దవి పడితే వాటి బరువుకే కంపనం లేవదు. తర్వాత ఆ చుట్టుపక్కల బోర్డును స్పిరిటుతో, మెత్తటి కుంచెతో కడిగి ఒకపూట ఆరనివ్వండి. ఏళ్లతరబడి పేరుకున్న జిగురూ చెమ్మా కూడా దాని గొంతు నొక్కుతాయి.

ఆ తర్వాత అన్నయ్య పాత రేడియో తీయండి. షార్ట్‌వేవ్‌లో నాలుగు దాటాక ముల్లు మెల్లగా జరుపుతూ, పెట్టెను పక్కనే పెట్టి వినండి. గరగర ఒక్కచోట ఠక్కున అణిగిపోయి నిశ్శబ్దం వస్తే క్రిస్టల్ నడుస్తున్నట్టు. చిన్నప్పుడు నాకు ఇది నేర్పింది అన్నయ్యే. “చప్పుడు కోసం వినకురా, చప్పుడు ఆగిన చోటు కోసం విను” అనేవాడు.

చిన్నోడు


వెనకగది,
ఆగస్టు 6

చిన్నోడా,

బిళ్లల మీద ఇరవై రెండే ఉంది. స్పిరిటుతో కడిగాను, దూది మీదికి తేనెరంగు మరక వచ్చింది. రెండు రోజులు ఆరబెట్టాను. రేడియో ముల్లును ఆ చివరినుంచి ఈ చివరికి గోరంత గోరంత జరిపాను. గరగర ఎక్కడా అణగలేదు. కడిగాక మళ్లీ కొలిచాను, అవే అంకెలు.

కుట్టుకొట్టులో మిషను ఆగిపోతే ముందు సూది మారుస్తాం. విరిగేది, అరిగేది అదే కాబట్టి. అలా ఆలోచిస్తే ఇందులో సూదిలాంటిది ఆ క్రిస్టలే అనిపిస్తోంది. సాకెట్టులోంచి ఊడొచ్చేదీ అదొక్కటే. అది పోయిందేమో? నువ్వు దాని మాట ఎత్తవేం?

లేకపోతే సీసం కరిగించి అతికిన జాయింట్లా? ఆయన ఎప్పుడూ అదే అనేవారు. “నా సోల్డరింగే చెడింది” అనేవారు. ఆ ప్రదర్శన సంగతి నీకు తెలియంది కాదు. సాంకేతిక పాఠశాల ప్రిన్సిపాలు తనే పిలిచి, గడియారం నడిపించి చూపించండి, మా వర్క్‌షాపులో పాఠాలు చెప్పడానికి తీసుకుంటానన్నాడు. ఆయన నెలరోజులు అద్దం ముందు నిలబడి పాఠం చెప్పుకున్నారు, నేను వినకూడదని తలుపేసుకుని. దీపం నడవలేదు, పిలుపూ రాలేదు. ఆ వారంలోనే సోల్డరింగ్ ఇనుమును గుడ్డలో చుట్టి అటక మీద పెట్టేశారు. మళ్లీ దించలేదు. నీళ్ల మీటర్లు బాగుచేయడానికి వెళ్లడం, రావడం, పడుకోవడం. నువ్వూ ఆ నెలలోనే కొండ మీది ఉద్యోగం కోరి తీసుకున్నావు. ఇంట్లో ఇద్దరి మాటలూ ఒకేసారి ఆగిపోయాయి.

ఇనుము నేను దించాను. వేడెక్కుతోంది. చిత్తుబోర్డు మీద వారంరోజులుగా సాధన చేస్తున్నాను, వేళ్లు రెండుసార్లు కాలాయి. జాయింట్లన్నీ మళ్లీ కరిగించి చెయ్యమంటావా?

వదిన


కొండ మీది కేంద్రం,
ఆగస్టు 24

వదినా,

జాయింట్లు ముట్టుకోకండి. ఒక్కటీ ముట్టుకోకండి.

క్రిస్టల్ అంత తేలిగ్గా పోయేది కాదు. దాని సంగతి చివర్లో చూద్దాం. అసలు ఇంత పాత బోర్డు, దేనివల్ల నడవడం లేదో ఎవరు చెప్పగలరు. మీరు చేయగలిగిందంతా చేశారు. మూత వేసి పక్కన పెట్టేయండి. కొన్ని అలా ఉండిపోతాయి.

ఇక్కడ గాలులు ఎక్కువయ్యాయి. పని ఒత్తిడిగా ఉంది.

చిన్నోడు


వెనకగది,
సెప్టెంబరు 15

చిన్నోడా,

గడియారం నడిచింది.

నీ ఉత్తరం చదివి మూడు రోజులు మూత వేసే ఉంచాను. నాలుగో రోజు సంచిలో పెట్టుకుని, బజారు చివర టీవీలు బాగుచేసే పెద్దాయన ఉన్నాడే, అతని దగ్గరకు వెళ్లాను. నేను కొలిచినవీ కడిగినవీ అన్నీ చెప్పాను. “ఇవన్నీ మీరే చేశారా? ఎవరు నేర్పారు?” అన్నాడు. మా మరిది ఉత్తరాల్లో చెప్పాడన్నాను. “అన్నీ చెప్పినాయన క్రిస్టల్ మార్చి చూడమనలేదా?” అన్నాడు. చివర్లో చూద్దామన్నాడని చెప్పాను. ఆయన నావైపు ఒకలా చూసి క్రిస్టల్ పీకి నా చేతిలో పెట్టాడు.

“చెవి దగ్గర పెట్టుకుని ఊపండమ్మా.”

లోపల ఇసకరేణువు కదిలినట్టుంది.

“ఇసక కాదది. పలక విరిగింది. ఎక్కడో కింద పడింది.”

“దానంతటది విరగదా?”

“నా సర్వీసులో చూళ్లేదు. ఎవరో చెయ్యి జార్చారు.”

పాడైన కారు గడియారంలోంచి తీసిన క్రిస్టల్ ఆయన దగ్గర ఉంది. సరిగ్గా అదే అంకె. గుచ్చి బ్యాటరీ తగిలించగానే దీపం వెలిగింది, ఆరింది, వెలిగింది. “ఈ సోల్డరింగ్ చేసిందెవరు? చాలా శుభ్రంగా ఉంది” అన్నాడు. మా ఆయన అని చెప్పి పెట్టె సంచిలో పెట్టుకున్నాను.

ఇంటికి వచ్చి కూర్చున్నాక అసలు సంగతి తట్టింది. ఆ రోజు పొద్దున పెట్టెను దుప్పట్లో చుట్టి సంచిలో సర్దింది నేనే. మీరిద్దరూ తయారవుతుంటే వీధిగుమ్మం దాకా మోసింది నేనే. గడప దగ్గర సంచి గోడకు తగిలింది. ఠప్పుమంది. నాకు బాగా గుర్తుంది. ఎవరూ చూడలేదు కదా అని ఊరుకున్నాను.

అంటే నేనే చిన్నోడా. ఆయన పదేళ్లు తన చెయ్యి చెడిందనుకుని బతికారు. చెడగొట్టింది నేను. పక్కనే కూర్చుని అన్నం పెట్టాను, మందులు ఇచ్చాను, ఆఖరికి కళ్లు మూశాను. ఒక్కసారి ఆ సంచి మాట నోట వచ్చినా ఆయన ఆ ఇనుము మళ్లీ పట్టుకునేవారు. ఇది ఎవరితో చెప్పుకోవాలో తెలియక నీకు రాస్తున్నాను. పెట్టెలోంచి బ్యాటరీ తీసేశాను. ఆ దీపం చూడలేకపోతున్నాను.

వదిన


కొండ మీది కేంద్రం,
సెప్టెంబరు 26

వదినా,

మీరు కాదు. జీపు కిందికి దిగేలోపు ఇది రాసి ఇవ్వాలి, కాబట్టి ముందు ఆ మాట రాస్తున్నాను. మీరు కాదు. చెక్కపెట్టె దుప్పట్లో చుట్టి గోడకు తగిలితే క్రిస్టల్ విరగదు. దాన్ని విరగ్గొట్టింది నేను.

ఆ పొద్దున అన్నయ్య స్నానానికి వెళ్లాడు. గడియారం మొత్తం వాడు చేసిందే. నేను దీపం పట్టుకున్నాను, తీగలు అందించాను. హాల్లో ఎవరైనా అడిగితే ఇందులో నా చెయ్యీ ఉందని చెప్పుకోవాలనిపించింది. కనీసం క్రిస్టల్ కాళ్లు తుడిచి పెడదామని పీకాను. జారింది. సిమెంటు నేల మీద పడి, ఎగిరి, బల్ల కిందికి పోయింది. తీసి చూస్తే గీత కూడా పడలేదు. గుచ్చేశాను. బ్యాటరీ తగిలించి చూస్తే ఒక్క నిమిషంలో తెలిసేది. చూడలేదు. తెలుసుకోవడం ఇష్టంలేక చూడలేదు.

హాల్లో మీరు లేరు. ప్రిన్సిపాలు, ఇంకో ఆరేడుగురు బల్ల చుట్టూ. దీపం వెలిగి అలా ఉండిపోయింది. అన్నయ్య నవ్వుతూ “ఒక్క నిమిషం” అన్నాడు. బ్యాటరీ తీశాడు, పెట్టాడు. మళ్లీ “ఒక్క నిమిషం” అన్నాడు. ఒక్కొక్కరే పక్క బల్లకు వెళ్లిపోయారు. నేను వాడి పక్కనే నిలబడి ఉన్నాను.

ఇంటికి నడిచి వస్తుంటే అడిగాడు. “ఏమై ఉంటుందిరా?”

అప్పుడు చెప్పి ఉంటే వాడు రెండు తిట్టి, కొత్త క్రిస్టల్ కొని మర్నాడు ప్రిన్సిపాలు ఇంటికి వెళ్లేవాడు. నేనేమన్నానో తెలుసా. “నీ జాయింట్లు చూసుకో అన్నయ్యా. ఈ మధ్య నీ చెయ్యి వణుకుతోంది.”

వాడి చెయ్యి ఎన్నడూ వణకలేదు వదినా. రోడ్డు మధ్యలో ఆగి తన కుడిచేతిని ఎత్తి చూసుకున్నాడు. “అలాగా” అన్నాడు. అంతే.

వారంలో చెబుదామనుకున్నాను, నెలలో చెబుదామనుకున్నాను. చెప్పకుండా వాడి ఎదుట కూర్చుని అన్నం తినలేక ఈ ఉద్యోగం కోరి తీసుకున్నాను. నేను తనను చిన్నచూపు చూసి వెళ్లిపోయానని వాడు అనుకుని ఉంటాడు. అదీ తెలుసు.

మీరు జూన్‌లో రాసినప్పుడు మొదటి జవాబులోనే ఒక్క వాక్యం రాస్తే సరిపోయేది, క్రిస్టల్ మార్చండి అని. ఈ పని నేర్చినవాడెవడైనా మొదట చెప్పేది అదే. మీచేత కొలిపించాను, కడిగించాను, రేడియో ముందు కూర్చోబెట్టాను. భయం ఒక కారణం. ఇంకోటి చెప్పడానికి సిగ్గుగా ఉంది. జీపులో నా పేరిట వచ్చే ఉత్తరాలు మీవే. గడియారం నడిస్తే అవి ఆగిపోతాయి.

మన్నించమని అడగడం లేదు. మీరు ఆ గడప మాట మనసులోంచి తీసేయండి. అది అడుగుతున్నాను.

చిన్నోడు


వెనకగది,
డిసెంబరు 3

చిన్నోడికి,

నీ ఉత్తరం చదివి సొరుగులో పెట్టి తాళం వేశాను. రెండు నెలలు తీయలేదు. నువ్వు మళ్లీ రాయలేదు, అది మంచిదే. రాసి ఉంటే చింపేసేదాన్ని.

నీకు తెలియని ముక్క ఒకటి చెబుతాను. ఆ తర్వాత మీ అన్నయ్య ఎవరింటికి వెళ్లినా టీ గ్లాసును రెండు చేతులతో పట్టుకునేవారు. ఎప్పుడూ లేనిది ఇదేం అలవాటని ఎగతాళి చేశాను కూడా. చెయ్యి వణకడం నలుగురూ చూస్తారని అలా పట్టుకునేవారని నీ ఉత్తరం చదివాక తెలిసింది. వణకని చేతిని పదేళ్లు దాచుకున్నారు.

ఆయనకు నిజం తెలిసిపోయిందేమో, తెలిసి నిన్ను కాపాడటానికే ఊరుకున్నారేమో అని ఆయన నోటుపుస్తకాలన్నీ వెతికాను. తొమ్మిది పుస్తకాలు. అలా ఒక్క వాక్యం దొరికితే నీకూ నాకూ ఎంత హాయిగా ఉండేదో. దొరకలేదు. ప్రదర్శన అయిన నెలకు ఒక పేజీ ఉంది. ‘జాయింట్లన్నీ మళ్లీ చెయ్యాలి. చెయ్యి మీద నమ్మకం లేదు.’ తర్వాతవన్నీ తెల్లకాగితాలు. ఆయనకు తెలియదు చిన్నోడా. తెలియకుండానే పోయారు.

కాబట్టి ఆయన బదులు నేను మన్నించడం కుదరదు. ఆ అధికారం నాకు లేదు. మా పెళ్లిలో ఎవరూ రాసివ్వలేదు.

నా లెక్క వేరు. నేనే విరగ్గొట్టానని రాసినప్పుడు నువ్వు ఊఁ కొట్టి ఊరుకోవచ్చు. కొండ మీద కూర్చున్నవాడివి, నిన్నెవరు అడగొచ్చారు. ఊరుకోలేదు. అదే జీపుకు జవాబు పంపావు. కోపం వచ్చిన ప్రతిసారీ ఈ ముక్క అడ్డం వస్తోంది. నేను ఎంత తోసినా పోవడం లేదు.

ఎదురుగా కూర్చుని నీతో మాట్లాడే మనసు నాకింకా లేదు. ఉత్తరాలతో గడిపేసే ఓపికా లేదు. నీ జతగాణ్ని అడిగితే పదిహేనో తేదీ తర్వాత వంతు మార్చుకుంటాడు. ఇరవయ్యో తేదీ కొట్టులో నాకు పొద్దున్నుంచి నాలుగింటి దాకా పని ఉంది. తాళంచెవి పక్కింట్లో ఇస్తాను. వచ్చి వెనకగదిలో ఆయన బల్ల దగ్గర కూర్చో. ఆ రోజు గుమ్మం దాటి లోపలికి రాలేదు నువ్వు. ఇప్పుడు రా. ఒక్కడివే కూర్చో. నేను వచ్చేసరికి ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఏదైనా నేను మళ్లీ అడగను.

వదిన


వెనకగది,
డిసెంబరు 20

వదినా,

ఇది టపాలో వెయ్యడానికి కాదు. మీ బల్ల మీదే పెడతాను. ఒక్కణ్నే ఊరికే కూర్చోలేక రాస్తున్నాను.

పదకొండింటికి వచ్చాను. పక్కింటావిడ తాళంచెవి ఇస్తూ “మీరెవరండీ?” అంది. ఆయన తమ్ముణ్నన్నాను. “ఆయనకు తమ్ముడున్నాడా?” అంది. ఎన్నాళ్లుగా ఇక్కడ ఉంటున్నారని అడిగితే ఏడేళ్లంది. నేను తల ఊపి లోపలికి వచ్చేశాను.

చాలాసేపు ఈ గది తలుపు దగ్గరే నిలబడ్డాను. స్టూలు ఎత్తు అన్నయ్యకు సరిపడా ఉంది, నాకు కాళ్లు ఆనడం లేదు. నవ్వొచ్చింది, తర్వాత ఇంకేదో వచ్చింది.

పెట్టె మూత తీశాను. భూతద్దం మీరు పెట్టినచోటే ఉంది. జాయింట్లు ఒక్కొక్కటే చూశాను. మొత్తం నూట పన్నెండు. వరస తప్పకుండా మొదటినుంచి చివరిదాకా చూశాను, మళ్లీ చివరినుంచి మొదటిదాకా. ఒక్కచోటా సీసం ఎక్కువ పడలేదు, ఒక్కటీ వదులుగా అతకలేదు. ఇన్నేళ్లు ఈ పనిమీదే తిండి తింటున్నాను వదినా, ఇంత శుభ్రంగా నాకు ఇప్పటికీ రాదు. ఈ మాట వాడికి చెప్పాలి. చెప్పడానికి మనిషి లేడు. ఖాళీ గదిలో పైకే చెప్పాను. గోడలకు చెప్పినట్టే ఉంది. ఏమీ తేలిక కాలేదు. అయినా చెప్పాను.

బ్యాటరీ తగిలించాను. మీరు చూడలేకపోతున్నానని రాశారు, వచ్చేలోపు తీసేద్దామనుకున్నాను. తీయలేదు. నడుస్తోంది.

మీ చిత్తుబోర్డు కూడా చూశాను. ఇనుము తొందరగా ఎత్తేస్తున్నారు. ఇంకో రెండు లెక్కపెట్టేదాకా ఆగాలి. రాసి చెబితే తెలిసేది కాదు, చెయ్యి చూపించాలి.

జనవరిలో కింద పట్టణంలోని కేంద్రంలో ఖాళీ ఉంది. అడిగితే ఇస్తారు. పదకొండేళ్లుగా ఎవరూ అడగని కొండను కోరుకున్నవాణ్ని కదా, నామీద వాళ్లకు దయ ఉంది. అడగాలో వద్దో మీ ముఖం చూశాక తేలుతుంది. మీరు వద్దంటే వెనక్కి వెళ్తాను. అది నేను భరించగలను. వెళ్లేముందు మాత్రం మీతో కలిసి ఒక పూట ఇక్కడ కూర్చోవాలని ఉంది, మీరు మాట్లాడకపోయినా సరే.

నాలుగు దాటి పది నిమిషాలైంది. రెండుసార్లు లేచి చెప్పులు వేసుకున్నాను. రెండుసార్లూ విప్పాను.

గేటు చప్పుడైంది. మీరే అయి ఉంటారు. తాళం తీసి ఉండటం చూసి ఆగినట్టున్నారు. ఇక రాయను వదినా, మిగతాది లేచి వచ్చి చెబుతాను.